30 ఇళ్లకు ఇండక్షన్ స్టవ్: కరెంటు, బ్యాంకు, షాపు వాళ్లను కలపడం ఎలా?

మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర ఊరు. మా పొదుపు సంఘాల్లో 30 మంది ఇండక్షన్ స్టవ్‌లకు ముందుకొచ్చారు. గ్యాస్ అయిపోతే మళ్లీ కట్టెల పొయ్యే, ఆ పొగ పిల్లలకు పడట్లేదు.

స్టవ్ 2000 వాట్లు. చాలా ఇళ్ల సర్వీసు లోడు (ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) 1 కిలోవాట్ కూడా లేదు. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ 25 కేవీఏ, అంటే మహా అయితే 25 కిలోవాట్లు మోస్తుంది. సాయంత్రం 6:30 నుంచి 8 దాకా వోల్టేజీ 160కి పడిపోతుంది, సరిగ్గా వంట వేళకి. తెచ్చి చూసిన స్టవ్ అప్పుడే ఆగిపోతోంది. 1200 వాట్లకు తగ్గించినా అదే వరస. సంగటి కెలికే అల్యూమినియం దబరా ఎలాగూ దానిమీద పనిచేయదు, ఆ గిన్నెల ఖర్చు వేరే.

డబ్బు ముందే కడితే రేటు తగ్గిస్తామని షాపు వాళ్లు అంటున్నారు. కరెంటు ఆఫీసు నుంచి కాగితం తెస్తే లోను ఇస్తామని బ్యాంకు. ఆ ఆఫీసులోనేమో ముందు ఇంటింటికీ లోడు పెంచుకుని డబ్బు కట్టండి, ట్రాన్స్‌ఫార్మర్ సంగతి తర్వాత అన్నారు. స్టవ్ వెలుగుతుందన్న నమ్మకం లేకుండా కూలి చేసుకునేవాళ్లు ఎలా కడతారు? ముగ్గుర్నీ ఒకచోట కూర్చోబెట్టాలని సంఘం తరఫున అర్జీ ఇచ్చాం, ఎవరూ రాలేదు. కేంద్ర విద్యుత్ శాఖ కింది సంస్థ ఈఈఎస్ఎల్ 2023లో ప్రకటించిన 20 లక్షల ఇండక్షన్ స్టవ్‌ల కార్యక్రమం గురించి అడిగినా ఇక్కడ ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు.

ఇలాంటిది చేసినవాళ్లు చెప్పండి: ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంచమని 30 ఇళ్లకూ కలిపి ఒకే దరఖాస్తు పెట్టాలంటే, ఎవరి పేరు మీద, ఏ అధికారికి ఇవ్వాలి?