సాక్ష్యాల సమయంలో ‘ఇంకా జవాబు రాలేదు’ అని చెప్పకూడదా?

గుత్తిచెల్లి (గుత్తి)

అందరికీ వందనాలు. ఒక విషయంలో మీ మాట కావాల.

మా తమ్మునికి రెండు కిడ్నీలూ పాడైనాయి. రోజు మార్చి రోజు డయాలసిస్. డయాలసిస్ సూదులు గుచ్చేదానికి చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేసినారు. దాని మీద వేలు పెడితే లోపల రక్తం జుమ్మని పారేది తెలుస్తుంది. ఎండాకాలంలో కూడా వాడు తాగే నీళ్లు గ్లాసుతో కొలిచి ఇస్తాం. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేసినారు, తలకు నూనె రాసినారు. బాగు కాలేదు.

మొన్న ఆదివారం సాక్ష్యాలప్పుడు నేను లేచి, “దేవుడు మాకు ఇంకా జవాబివ్వలేదు. నాకు ప్రార్థన చేయబుద్ధి కావడం లేదు. అయినా వచ్చినాను” అన్నాను. “మా కోసం ప్రార్థించండి” అనే లోపలే పాట అందుకున్నారు. ఆరాధన అయినాక ఇద్దరు పెద్దలు పక్కకు పిలిచి, “సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పేదమ్మా, నీ సందేహం చెప్పేది కాదు. వయసు పిల్లలు వింటా ఉంటారు” అన్నారు.

వాళ్ల మీద నాకు కోపం లేదు. తమ్మునికి రక్తం కావాల్సొస్తే పోయి ఇచ్చొచ్చింది వాళ్లే. అడిగేది ఒక్కటే. సందేహం సంఘం ముందర చెప్పకూడదా?

పెన్నావొడ్డు (కడప)

అమ్మా, మీ తమ్మునికోసం ఈ రాత్రే ప్రార్థన చేస్తాం. నేనూ మా సంఘంలో పెద్దగా ఉన్నాను కాబట్టి ఆ ఇద్దరి తరఫున కూడా మాట్లాడాల.

మన ఊళ్లలో ఆరాధనకు వచ్చేది నమ్మినోళ్లు మాత్రమే కాదు. అత్తింటివాళ్లకు తెలియకుండా వచ్చి వాకిలి దగ్గర కూర్చునే కోడలు ఉంటుంది. తాగుడు మానదామని మొదటిసారి వచ్చినవాడు ఉంటాడు. వాళ్లు ఇంటికి పోతే “మీ దేవుడు ఏం చేసినాడు” అని అడిగేవాళ్లు సిద్ధంగా ఉంటారు. ఆ రోజు చెవిన పడిన ఒక్క మాట పట్టుకొనే వాళ్లు నిలబడాల. సందేహపడేవాడు గాలికి కొట్టుకుపోయే సముద్రపు అల లాంటివాడని బైబిల్లో యాకోబు రాసినాడు కదా. సందేహం రావడమే పాపమని నేననడం లేదు. దానికి వేరే చోటుంది. పాస్టరు గారి ఇల్లుంది, శుక్రవారం ఉపవాస కూటముంది, నమ్మకంగా వినే అక్కలున్నారు. మైకు దగ్గర వద్దంటున్నాను, అంతే.

జీవజలం

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. ఆవగింజంత విశ్వాసం ఉంటే కొండలు కదులుతాయి. ఇంట్లో ఎవరికో అవిశ్వాసం ఉంది, అందుకే స్వస్థత ఆగింది. మందుల మీద ఆధారపడటం తగ్గించి విశ్వాసంతో అడగండి.

పెన్నావొడ్డు (కడప)

తమ్ముడూ, ఈ మాట ఇక్కడే ఆపు. అమ్మా గుత్తిచెల్లీ, డయాలసిస్ ఒక్కపూట కూడా మానొద్దు.

పౌలు తన చేతి గుడ్డలతో రోగులు బాగయ్యేవాళ్లని అపొస్తలుల కార్యాల్లో ఉంది. అదే పౌలు తన తోటివాడు త్రోఫిమును రోగంతోనే మిలేతులో విడిచి వచ్చినానని రాసినాడు. తిమోతికి కడుపు బాగలేకపోతే కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. వీళ్లలో ఎవరికి విశ్వాసం తక్కువైంది? గుడ్డివానిగా పుట్టినవాణ్ని చూపించి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వానిదీ కాదు, వాని కన్నవాళ్లదీ కాదని యేసే చెప్పినాడు. బాధలో ఉన్నవాళ్ల ఇంటికి పోయి తప్పు వెతికింది యోబు స్నేహితులు. చివరికి దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, వాళ్ల మీద.

నల్లరేగడి (నంద్యాల)

పెద్దాయనా, యోబు మాట మీరే ఎత్తినారు కాబట్టి అక్కడినుంచే అడుగుతాను. యోబు తన మొర పాస్టరు గారి ఇంట్లో చెప్పుకోలేదు కదా. అందరూ వినేటట్టు చెప్పినాడు, అది గ్రంథంలోకి ఎక్కింది.

మాది ఎస్పీజీ (ఇంగ్లండు మిషన్ సంస్థ) మిషనరీల కాలం నాటి సంఘం. బైబిల్లోని కీర్తనలు వరసగా చదివే అలవాటు మాకు పెద్దలనుంచి వచ్చింది. మనసుకు నచ్చింది ఏరుకునేది లేదు. 88వ కీర్తన వంతు వస్తే అదే చదవాల. మిగతా మొరల్లో చివరికి ఎక్కడో ఒక స్తుతి వస్తుంది, ఇందులో రాదు. స్నేహితులు దూరమైనారు, చీకటి మిగిలింది అని ఆగిపోతుంది. దాని పైన ఏముందో చూడండి: ప్రధాన గాయకునికి, కోరహు కుమారుల కీర్తన. అంటే ఒక మనిషి ఏడుపును గాయకుల చేతికిచ్చి అందరి ముందర పాడమన్నారు. మీరు మైకు దగ్గర వద్దంటున్నదే వాళ్లు ఆలయంలో పాడినారు.

ఇంకోటి. ఈ సీమలో మన సంఘాలు చాలావరకు కరువులో పెరిగినవి. 1876–78 ధాత కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఎట్లా అల్లాడినాయో తెలిసిందే (అనంతపురం అప్పటికి బళ్లారిలోనే ఉండె, 1882లో వేరుపడింది). ఆ కరువు తర్వాత మతంలో కలిసినవాళ్లను గంజికోసం కలిసినారన్నారు, ఇప్పటికీ అంటారు. గంజి పోయడం ఆగినాక కూడా ఊరి బయట పేటల్లో ఆదివారం గంట కొడుతూనే వచ్చినారు. ఆకలి తెలిసినవాళ్లకు బైబిల్లో హబక్కూకు ప్రవక్త మాట వివరించాల్సిన పని లేదు: చేనిలో పంట రాకున్నా, దొడ్డిలో గొర్రెలు లేకున్నా అని ముందు లేనివన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టి, ఆ తర్వాతే ఆనందిస్తానంటాడు. లేనివి చెప్పనివ్వకుండా ఆ చివరి మాట ఒక్కటే చెప్పమంటే ఎట్లా?

హంద్రీ (కర్నూలు)

నేను చూసింది చెప్తాను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు మీద పడినాయి. నీళ్లు తీసినాక ఇండ్లలో మోకాలి దాకా బురద. మా గుడిలో బైబిళ్లు, పాటల పుస్తకాలు ఉబ్బిపోయి గోడ పక్కన ఆరబెట్టింటిమి. ఆ తర్వాత ఆరాధనలో ఒకాయన లేచి, “మా వీధిలో అందరి ఇండ్లూ మునిగినాయి, దేవుడు నా ఇంటి గడప దాకా నీళ్లు రానిచ్చి ఆపినాడు” అని సాక్ష్యం చెప్పినాడు. అందరూ హల్లెలూయ అన్నారు. ఆయన వెనక వరసలో కూర్చున్నామె అదే వీధి మనిషి. బీరువాతో సహా అన్నీ పోయినాయి, చీర కూడా ఎవరో ఇచ్చింది కట్టుకొని వచ్చింది. ఆమెకు మైకు ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు.

ఆయన అబద్ధం చెప్పలేదు. కృతజ్ఞత చెప్పుకోవాల్సిందే. కానీ ఆ గదిలో ఆ రోజు సగం నిజమే వినపడింది. మిగతా సగం ఆమె దగ్గర ఉండిపోయింది. పెద్దాయన వాకిలి దగ్గర కూర్చునే కోడలి గురించి చెప్పినారు, నేనూ ఆమె గురించే ఆలోచిస్తున్నా. మేళ్లు మాత్రమే వింటూ పెరిగిన ఆ అమ్మాయి ఇంట్లో రేపు ఒక కష్టమొస్తే, తనొక్కదానికే ఇట్లయిందనుకుంటుంది. తన విశ్వాసంలోనే లోపముందనుకుంటుంది. గుత్తి చెల్లెలు “అయినా వచ్చినాను” అన్నది కదా, ఆ మాట ఆ అమ్మాయి వినాల. నా లెక్కన ఆ ఆదివారం చెప్పిన సాక్ష్యాల్లో బరువైనది అదే.

ఎమ్మిగనూరు టీచరు

సంఘంలో నోరు విప్పలేనిది సందేహం ఒక్కటేనా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు, మనల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలకు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషనే. అందుకే బడి రికార్డులో ఒక పేరు, బాప్తిస్మంలో ఇంకో పేరుతో బతికే పిల్లలు నా తరగతిలోనే ఉన్నారు. పీఠం మీదినుంచి “మనుష్యుల ముందర నన్ను ఒప్పుకొనండి” అని ప్రసంగం వచ్చినప్పుడల్లా ఆ తల్లిదండ్రులు తలొంచుకుంటారు. ఉద్యోగం వస్తే మాత్రం అదే పిల్లవాణ్ని నిలబెట్టి సాక్ష్యం చెప్పిస్తారు. విశ్వాసానికి వాళ్లు కట్టే వెల గురించి మాట్లాడుకునే చోటు సంఘంలో లేకపోతే ఇంకెక్కడుంటుంది?

ఆదివారం రానోడు (ఆదోని)

నేను సండే స్కూల్లో పెరిగినవాణ్ని, ఇప్పుడు పోవడం లేదు. ఎగతాళికి రాలేదు. బాగైతే దేవుని మహిమ, బాగు కాకపోతే దేవుని చిత్తం. ఏం జరిగినా సరిపోయే మాటకు విలువేముంది? డిగ్రీలో ఉన్నప్పుడు ఇదే అడిగితే “ఎక్కువ చదివి చెడినావు” అన్నారు. ప్రశ్నవల్ల కాదు, ఆ జవాబువల్ల బయటికొచ్చినా.

హంద్రీ (కర్నూలు)

తమ్ముడూ, నీకు ఆ జవాబు ఇచ్చింది తప్పు. నువ్వడిగింది అడగాల్సిందే.

నాకు తోచింది చెప్తా. ‘నమ్మితే రోగం పోతుంది’ అనేదే విశ్వాసమైతే అది మా కండ్ల ముందరే చాలాసార్లు ఓడింది, ఒప్పుకోవాల. నేను నమ్మేది అది కాదు. సిలువ మీద “నన్నెందుకు చెయ్యి విడిచినావు” అని అడిగి, ఆ మధ్యాహ్నం జవాబు రాకుండానే చనిపోయినవాణ్ని దేవుడు తిరిగి లేపినాడని నమ్ముతున్నా. ఏం జరిగినా సరిపోయే మాట కాదిది. క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థమని పౌలే కొరింథువాళ్లకు తెగేసి రాసినాడు. నన్ను అక్కడ పట్టుకో, అక్కడ వాదిద్దాం. గుత్తి పిల్లవాని కిడ్నీల మీద మాత్రం నా దేవుణ్ని గెలిపించుకోను. అవి బాగైనా అంతే, కాకపోయినా అంతే.

ఆదివారం రానోడు (ఆదోని)

ఈ మాట అప్పుడు చెప్పేవాళ్లు ఉంటే ఇంకొన్నేండ్లు కూర్చునేవాణ్ని. లేచినాడా లేదా అనేది వేరే చర్చ పెడతా, రండి.

పెన్నావొడ్డు (కడప)

నల్లరేగడి చెప్పిన కీర్తన తీసి మా ఇంట్లో చదివించినాను. దానికి నా దగ్గర ఎదురు లేదు. అయినా ఒక భయం పోలేదు. కీర్తనకారుడు దేవునితో మాట్లాడినాడు. మైకు దగ్గర మనిషి మనుషులతో మాట్లాడతాడు. ఈ రోజు గుత్తిచెల్లి ఏడ్చి చెప్పింది, రేపు ఇంకొకడు పాస్టరు మీద కోపంతో లేచి ‘నాకు సందేహం’ అంటాడు. దాన్ని పెద్దలు ఎట్లా తూకం వేయాల?

గుత్తిచెల్లి (గుత్తి)

పెద్దాయనా, ముందు చెప్పనిచ్చి, తర్వాత తూకం వేయండి. నా మాట సగంలో పాటెత్తినారు కాబట్టి “ప్రార్థించండి” అన్నది ఎవరికీ వినపడలేదు. నేను దేవునితోనూ మాట్లాడుతున్నా, సంఘంతోనూ మాట్లాడుతున్నా. రెండూ వేరు చేయడం నాకు చేతకాదు. మా పాస్టరు గారికి ఈ చర్చంతా చూపిస్తాను. సాక్ష్యాల తర్వాత మొరకు కూడా కొంచెం సమయం పెట్టమని, అప్పుడు పాట ఎత్తొద్దని అడుగుతాను. ఆయన ఒప్పుకోకపోయినా ఆదివారం మానను. తమ్మునికి రేపు పొద్దున డయాలసిస్ ఉంది, ప్రార్థనలో తలచుకోండి.