అప్‌డేట్: అమ్మకి పరుపు తీసుకున్నాం, 18 వేలు అయింది

నడుం నొప్పితో లేస్తున్న అమ్మకి పరుపు కొనాలి, పదివేలు పెట్టాలా ముప్పై వేలు పెట్టాలా అని అడిగాను కదా. "ధర తర్వాత, ముందు లోపలేముందో అడుగు" అన్నవాళ్ళకి చాలా థ్యాంక్స్. నిజంగా అదే పనికొచ్చింది.

తిరుపతిలో గాంధీ రోడ్డు వైపు షాపులు తిరిగాం. ఫోమ్ డెన్సిటీ (అంటే ఫోమ్ ఎంత దట్టంగా ఉందో) ఎంతని అడిగితే ఒకాయన మాట దాటేసి డిస్కౌంట్ గురించి మొదలుపెట్టాడు. వచ్చేశాం. ఇంకో షాపాయన కవర్ జిప్పు తీసి పొరలు చూపించాడు: కింద రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు, పైన రెండించుల లేటెక్స్ (రబ్బరు నురుగు పొర). అమ్మని పడుకుని చూడమన్నాడు. పక్కకి ఒత్తిగిలి కాసేపు అలాగే ఉంది, భుజం దగ్గర ఒత్తుకోవట్లేదంది. వెల్లకిలా పడుకుంటే నడుం కింద ఖాళీ లేదు, అలాగని కూరుకుపోనూ లేదు. అదే తీసుకున్నాం.

మెమరీ ఫోమ్ (ఒంటి ఆకారానికి ఒదిగిపోయే మెత్తటి ఫోమ్) వద్దనుకున్నాం. ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది, మన ఎండలకి ఏసీ లేని గదిలో కష్టం. ముప్పై వేల దాంట్లో అదనంగా కనిపించింది ఇంకో రెండించుల మందం, పైన కుట్టుపని. వాటికి అంత పెట్టబుద్ధి కాలేదు.

వారంటీ కార్డు తప్పక చదవండి. మాదాంట్లో గుంట పడితేనే వర్తిస్తుంది, మెత్తదనం నచ్చకపోతే కాదు. మరక పడితే ఆ వారంటీ కూడా ఉండదు, అందుకే పరుపు మీద వేసే కాటన్ ప్రొటెక్టర్ కూడా తీసుకున్నాం.

అమ్మ పొద్దున గోడ పట్టుకుని లేవడం తగ్గింది. నొప్పి పూర్తిగా పోలేదు, డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేస్తోంది. కొత్తలో రబ్బరు వాసన వచ్చింది, కిటికీలు తీసి పెడితే పోయింది.