స్నాప్‌షాట్ 93 శాతం నిండింది, పొద్దున్నే మిర్చి కాంటాలు ఉన్నాయి. లెక్కలు పోతాయా?

మిర్చియార్డ్, ఏనుమాముల – రాత్రి 8:05

అన్నలూ, కొంచెం తొందరగా చెప్పండి. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మా బాబాయిది అడ్తి దుకాణం. కంప్యూటర్ పనంతా నేనే చూస్తాను. ఉబుంటు వేసిన చిన్న సర్వర్, 500 జీబీ ఎస్ఎస్‌డీ. తక్‌పట్టీలు (సరుకు అమ్మాక రైతుకిచ్చే లెక్క చీటీలు), రైతుల ఖాతాలు, ఖరీదుదారుల బాకీలు, కాంటా చీటీల స్కాన్లు అన్నీ 200 జీబీ ఎల్‌వీలోనే ఉన్నాయి (ఎల్‌వీ అంటే లైనక్స్‌లో ఎల్‌వీఎం అనే ఏర్పాటుతో డిస్కులో విడదీసిన భాగం). రోజూ రాత్రి 11 గంటలకు ఒక స్క్రిప్టు 20 జీబీ ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఎల్‌వీ ఎలా ఉందో అలా పట్టి ఉంచేది) తీసి, దాన్నుంచి బయటి హార్డ్ డిస్కుకు కాపీ చేసి, ఆ స్నాప్‌షాట్‌ను తీసేయాలి.

నాలుగు రోజులుగా తక్‌పట్టీ ప్రింటు ఆలస్యమవుతోంది. రైతు కౌంటర్ మీద చెయ్యి పెట్టుకుని ప్రింటర్ వైపే చూస్తూ నిలబడుతున్నాడు. సీజన్ రద్దీ వల్లనేమో అనుకున్నాను. ఇవాళ సాయంత్రం లాగ్ తెరిస్తే స్నాప్‌షాట్ 80 శాతం నిండిందని వార్నింగ్ కనిపించింది. టెన్షన్ పడి, జాగా దొరుకుతుందని డేటాబేస్‌లో పాత సీజన్ల టేబుళ్లను ఆప్టిమైజ్ చేశాను. 82 ఉన్నది 93కి పోయింది! డిస్కులో ఖాళీ చూపించే డీఎఫ్ కమాండ్‌లో చూస్తే మాత్రం 110 జీబీ ఖాళీగా ఉంది. 100 అయితే లెక్కలు పోతాయా?

కరీంనగర్_అడ్మిన్ – రాత్రి 8:21

తమ్మీ, భయపడకు. 100 నిండినా అసలు ఎల్‌వీకి ఏమీ కాదు. మీ లెక్కలు ఎక్కడివక్కడే ఉంటాయి. చెల్లకుండా పోయేది స్నాప్‌షాట్ ఒక్కటే. ఆ సమయంలో దాన్నుంచి కాపీ నడుస్తుంటే ఆ కాపీని కూడా నమ్మొద్దు.

డీఎఫ్ చూపించే ఖాళీకీ ఈ 20 జీబీకీ సంబంధం లేదు. స్నాప్‌షాట్ తీసిన తర్వాత అసలు ఎల్‌వీలో ఏ చోట మొదటిసారి రాసినా, అక్కడున్న పాతదాన్ని ముందు ఆ 20 జీబీలో దాచి, తర్వాతే కొత్తది రాస్తుంది. అదే చోట మళ్లీ రాస్తే రెండోసారి దాచదు. ఫైల్‌సిస్టమ్ లెక్కలో ఖాళీగా ఉన్న చోటైనా సరే దాస్తుంది, ఎందుకంటే ఏది ఖాళీయో ఎల్‌వీఎంకు తెలియదు. నువ్వు ఆప్టిమైజ్ కొట్టేసరికి టేబుళ్లన్నీ కొత్త చోట తిరగరాసుకున్నాయి. ఆ 11 శాతం అలా పెరిగింది. ప్రింటు ఆలస్యానికీ ఇదే కారణం కావచ్చు. ఒక్కసారి రాయాల్సిన చోట ముందు పాతది చదవాలి, పక్కన రాయాలి, ఆ తర్వాత కొత్తది రాయాలి.

ఎల్‌వీ డిస్‌ప్లే కమాండ్ కొట్టి ఆ స్నాప్‌షాట్ ఏ రోజుదో చూడు. నిన్నటిది కాదని నా అనుమానం.

మిర్చియార్డ్ – రాత్రి 8:40

సోమవారం రాత్రిది అన్నా! హార్డ్ డిస్కు వైరు వదులై ఉంది. మిర్చి దుమ్ము పడకుండా రాత్రి సర్వర్ మీద గుడ్డ కప్పుతాం. ఆ గుడ్డ లాగినప్పుడు వైరు ఊడినట్టుంది. కాపీ దగ్గర స్క్రిప్టు ఆగిపోయి స్నాప్‌షాట్ మిగిలిపోయింది. మర్నాటి నుంచి అదే పేరుతో ఇంకోటి తీయబోయి మొదట్లోనే ఆగిపోతోంది. అంటే నాలుగు రోజులుగా మాకు బ్యాకప్పే లేదు. వీజీలో (ఎల్‌వీలన్నిటికీ జాగా ఇచ్చే ఉమ్మడి నిల్వలో) ఇంకా 90 జీబీ ఖాళీ ఉంది. పెంచమంటారా, తీసేయమంటారా?

కరీంనగర్_అడ్మిన్ – రాత్రి 8:47

సోమవారం నాటి డేటా విడిగా కావాలంటే ఎల్‌వీ ఎక్స్‌టెండ్‌తో ఇంకో 10 జీబీ కలుపు, 93 కాస్తా 62 అవుతుంది. అక్కర్లేదంటే తీసెయ్. నేనైతే తీసేస్తాను. కానీ ఎల్‌వీ రిమూవ్ కొట్టే ముందు పేరు రెండుసార్లు చదువు. ఎల్‌వీల జాబితా చూపే ఎల్‌వీఎస్ కమాండ్‌లో ఒరిజిన్ అనే గడిలో అసలు ఎల్‌వీ పేరు ఏ వరుసలో ఉంటుందో ఆ వరుసే స్నాప్‌షాట్. తొందరలో అసలుదాన్ని తీసేసినవాళ్లను చూశాను. ఆ తప్పును సరిదిద్దుకోవడం చాలా కష్టం.

హనుమకొండ_లైనక్స్ – రాత్రి 9:02

బ్రదర్, ఎల్‌వీఎం కాన్ఫిగ్ ఫైల్లో స్నాప్‌షాట్ ఆటో ఎక్స్‌టెండ్ థ్రెషోల్డ్ అని ఒకటి ఉంటుంది. మామూలుగా 100 ఉంటుంది, అంటే ఆఫ్‌లో ఉన్నట్టే. దాన్ని 70 చేసి, ఎంత పెంచాలో చెప్పే ఆటో ఎక్స్‌టెండ్ పర్సెంట్‌ను 20 ఉంచండి. 20 జీబీలో 14 దాటగానే అదే 24 జీబీ అవుతుంది. మళ్లీ 70 శాతం దాటితే ఇంకో 20 శాతం పెరుగుతుంది. వీజీలో ఖాళీ ఉన్నంతవరకే ఇది పనిచేస్తుంది. మానిటరింగ్ సర్వీసు కూడా నడుస్తూ ఉండాలి.

అయితే మీ దగ్గర అసలు లోపం సైజులో లేదు, స్క్రిప్టులో ఉంది. హార్డ్ డిస్కు మౌంట్ అయిందో (సర్వర్‌కు కలిసిందో) లేదో ముందు చూసుకుని, అయితేనే స్నాప్‌షాట్ తీయాలి. కాపీ ఫెయిలైనా స్నాప్‌షాట్‌ను తీసేసే బయటికి రావాలి. ఫెయిలైతే మీ ఫోన్‌కు మెసేజ్ రావాలి. లాగ్‌లో పడ్డ వార్నింగ్‌ను సీజన్లో ఎవరు తెరిచి చూస్తారు?

జగిత్యాల_బిల్లింగ్ – రాత్రి 9:10

మా రైస్ మిల్లులో విండోస్ సర్వర్. అక్కడ షాడో కాపీలకు (విండోస్‌లో స్నాప్‌షాట్ లాంటివి) పెట్టిన హద్దు నిండితే పాతవి వాటంతట అవే పోతాయి. మూడు వారాల కిందటి ఫైలు కోసం వెతికితే వారం కిందటివే ఉన్నాయి. విండోస్ వాళ్లు వీఎస్ఎస్ అడ్మిన్ కమాండ్‌తో షాడో స్టోరేజ్ లిస్టు తీసి, వాడినదెంత, గరిష్ఠ హద్దు ఎంత అన్నది చూసుకోండి.

మిర్చియార్డ్ – రాత్రి 11:35

పేరు బాబాయితో కూడా చదివించి, పాత స్నాప్‌షాట్ తీసేశాను. వైరు మార్చి, స్క్రిప్టులో మౌంట్ చెక్ పెట్టి, చేత్తోనే నడిపించాను. కాపీ పూర్తయ్యేసరికి కొత్త స్నాప్‌షాట్ 1 శాతం కూడా దాటలేదు, తర్వాత అదే తొలగిపోయింది. థ్రెషోల్డ్ 70 చేశాను. ఫోన్‌కు మెసేజ్ వచ్చే ఏర్పాటు రేపు మధ్యాహ్నం కాంటాలు అయ్యాక చేస్తాను.

స్నాప్‌షాట్ ఉన్నది అదే ఎస్ఎస్‌డీ మీద కదా, అది పోతే రెండూ పోతాయి. అందుకే ఆ హార్డ్ డిస్కును ఇంటికి తెచ్చి, బ్యాకప్‌ను ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, ఇవాళ్టి చివరి తక్‌పట్టీ తెరిచి చూశాను. నర్సంపేట వైపు రైతుది, 14 బస్తాల తేజ రకం మిర్చి. తూకం, ధర, హమాలీ అన్నీ చేతిలో ఉన్న కాగితంతో సరిపోయాయి.