జంటగా మొదటి అడ్వెంచర్ రేస్: మ్యాప్ చదవడం ఎలా సాధన చేయాలి?

నమస్కారం. మాది పర్లాకిమిడి. నేనూ మా బావమరిదీ జంటగా మొదటిసారి అడ్వెంచర్ రేస్‌కి పేర్లిచ్చాం. పరుగు, సైకిల్, కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) మూడూ ఉంటాయి. జీపీఎస్ వాడకూడదు. మ్యాప్, దిక్సూచితోనే చెక్‌పాయింట్లు వెతుక్కోవాలి, ఇద్దరూ విడిపోకూడదు.

సైకిల్‌కి భయం లేదు, మహేంద్రగిరి వైపు ఎత్తులు ఎక్కడం అలవాటే. అసలు టెన్షన్ మ్యాప్‌తోనే. మ్యాప్‌లో ఎత్తు చూపే గీతలు దగ్గరగా ఉంటే ఏటవాలు ఎక్కువని తెలుసు. కానీ అడవిలో నిలబడితే ఏ గీత ఏ గుట్టదో పోల్చుకోలేకపోతున్నాం. దీన్ని ఎలా సాధన చేయాలి?

ఎండాకాలం మహేంద్రతనయ నదిలో కయాక్‌కి సరిపడా లోతుండదు. బరంపురం, గోపాల్‌పూర్ వైపు నేర్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇంకొకటి, పరుగులో మా బావమరిది నాకంటే చాలా ముందుంటాడు. వాడి నడుముకి సాగే తాడు కట్టి నన్ను లాగడం కొత్తవాళ్లకి పనికొస్తుందా? చేసినవాళ్లు దయచేసి చెప్పండి.