బొమ్మ ‘రాస్తారా’, ‘గీస్తారా’?

అమెరికా ఖండంలోని ప్రాచీన మాయా ప్రజల భాషలో ‘త్సిబ్’ అని ఒక మాట ఉంది. మొదటి అక్షరం మన ‘చాప’లోని చకారం లాంటిదే, కాకపోతే గొంతు బిగబట్టి పలకాలి. రాయడం అని అర్థం. బొమ్మ వేయడానికీ అదే మాట!

ఇది ఎక్కువగా కనిపించేది క్రీ.శ. 600–900 మధ్య ఇప్పటి గ్వాటెమాల, మెక్సికో ప్రాంతాల్లో చేసిన రంగుల పాత్రల మీద. కుమ్మరి సారె లేకుండా చేత్తో చేసిన మట్టి గ్లాసులవి. రంగుమట్టి నీళ్లతో బొమ్మలు వేసి కాల్చేవారు. అంచు చుట్టూ ఒక వరస అక్షరాలుంటాయి: ఇది ఫలానావారు తాగే పాత్ర, ఇందులో పోసేది కకావ్ (మన కోకోనే) అని. ‘త్సిబ్’ వచ్చేదీ ఆ వరసలోనే. చెక్కిన పాత్రయితే అక్కడ వేరే మాట పడుతుంది. అంటే త్సిబ్ కుంచెపని అన్నమాట.

నరాన్హో అనే మాయా నగరపు రాజు కొడుకు ఒకడు తానే ఒక పాత్రకు బొమ్మలు వేసి, తన పేరూ అమ్మానాన్నల పేర్లూ దాని మీదే రాసుకున్నాడు. ఇంకో పాత్ర మీద, నాకు భలే ఇష్టం, ఒక కుందేలు కూర్చుని పుస్తకం రాస్తుంటుంది. రాస్తోందా, బొమ్మ వేస్తోందా అని అడిగితే అప్పటివాళ్లకు ప్రశ్నే అర్థమయ్యేది కాదేమో.

మనకూ ‘చిత్తరువు వ్రాయు’ ఉండేది కదా. ఇప్పుడు పిల్లలు ‘బొమ్మ రాశా’ అంటే తప్పని దిద్దుతున్నాం. ఎందుకో?

వ్యాఖ్యలు, జవాబులు:

— తప్పెలా అవుతుందండీ? చిత్రలేఖనంలో ఉన్నది లేఖనమేగా!

— గడపకు పసుపు రాస్తాం. అదీ ఇదేనా?

— కాదండీ. అది రాపిడి, రాచుకోవడం వైపు మాట. రాతలోది ‘వ్రాయు’. వకారం పోయాక రెండూ ఒకేలా వినిపిస్తున్నాయంతే.

— మా శ్రీకాళహస్తిలో కలంకారీని ‘వ్రాతపని’ అనేవారు. వెదురుపుల్లకు గుడ్డ చుట్టిన కలంతో వేసేది. మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో చేస్తే అది ‘అద్దకం’.

— ఇదే నాకు కావలసింది! వాళ్లకు చెక్కితే వేరే మాట, మనకు అద్దితే వేరే మాట. కలమో కుంచో పడితేనే రాత.

— మరి ముగ్గు ‘రాశాను’ అని ఎవరూ అనరేం?

— ముగ్గుకు కలమెక్కడిదండీ, వేళ్లతో వేసేదాయె.