తలలో నీరు: షంటా, ఎండోస్కోపీనా?

నెల్లూరు నాన్న:
మా బాబుకి ఏడేళ్లు. పొద్దున్నే తలనొప్పి, వాంతులు అవుతుంటే ఎమ్మారై తీయించాం. తలలో నీరు కిందికి దిగే సన్నటి దారి ఇరుకైపోయి, పైన నీరు నిలిచిపోయిందట. ఒక డాక్టర్ గారు షంట్ (ఆ నీటిని పొట్టలోకి మళ్లించే, లోపలే ఉండిపోయే ట్యూబ్) అన్నారు, ఇంకొకరేమో ఎండోస్కోపీ చేస్తే ట్యూబే అక్కర్లేదన్నారు. ఎండోస్కోపీ అంటే మాకు తెలిసింది నోట్లోంచి కడుపులోకి గొట్టం వేయడమే. మెదడులోకి కూడా వేస్తారా? చూసి వదిలేస్తారా, ఆపరేషనా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

న్యూరోసర్జరీ పీజీ:
ఆపరేషనే అండి, పూర్తి మత్తు ఇస్తారు. నుదుటి పైన జుట్టు లోపల పుర్రెకి చిన్న రంధ్రం పెట్టి, కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని మెదడులోని నీటి గదుల్లోకి దింపుతారు, మూడో గది అడుగున ఉండే పల్చటి పొరకి కన్నం చేసి చిన్న బెలూన్‌తో వెడల్పు చేస్తారు. నీరు మూసుకున్న దారిని వదిలేసి అటు నుంచి బయటపడుతుంది. రోజుకి దాదాపు అర లీటరు ద్రవం ఊరుతూనే ఉంటుంది కాబట్టి ఏదో ఒక దారి ఉండి తీరాలి. ఇదేమీ కొత్త ప్రయోగం కాదు, 1923లోనే అమెరికాలో మిక్స్టర్ అనే సర్జన్ మూత్రనాళం చూసే స్కోపుతో ఓ పసిబిడ్డకి చేశాడు!

మీ బాబు వయసుకి, ఈ కారణానికి, ఇంతకుముందు షంట్ లేదు కాబట్టి, మేం వాడే స్కోరు 80 వస్తుంది, అందులో ఎక్కువలో ఎక్కువ 90. అంటే ఆరు నెలల తర్వాత కూడా కన్నం పనిచేస్తూ ఉండే అవకాశం సుమారు 80 శాతం. రిస్క్ లేదని కాదు, ఆ పొర కిందే పెద్ద రక్తనాళం ఉంటుంది, అందుకే ఇవి తరచుగా చేసే సర్జన్ దగ్గరికే వెళ్లండి.

పాప అమ్మ:
మా పాపకి ఇదే చేశారండి. తర్వాత స్కాన్‌లో గదులు పెద్దగానే కనిపిస్తే నాకు గుండె ఆగినంత పనైంది. కన్నం బాగానే పనిచేస్తున్నా గదులు పూర్తిగా చిన్నవి కాకపోవచ్చట, పిల్ల హుషారుగా ఉందా, వాంతులు తగ్గాయా అన్నదే ముఖ్యమన్నారు. ఖర్చు గురించైతే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని ముందే కలవండి.

ఖమ్మం తమ్ముడు:
మా అక్కకి టీబీ మెనింజైటిస్ (మెదడు పొరలకి టీబీ) వచ్చాక తలలో నీరు చేరింది. ఆమెకీ ఇది కుదురుతుందా?

న్యూరోసర్జరీ పీజీ:
ఇన్ఫెక్షన్ తర్వాత ఆ పొర మందంగా మారి, చుట్టూ అతుక్కుపోయి ఉండొచ్చు, అందుకని సక్సెస్ తక్కువ. చాలామందికి షంటే వేస్తాం. నెల్లూరు అన్నా, మీకు ఇంకో మాట, ఆ కన్నం ఏళ్ల తర్వాత కూడా ఉన్నట్టుండి మూసుకుపోవచ్చు, అప్పుడు తలనొప్పి, వాంతులు, మగత మొదలైతే పొద్దున చూద్దాంలే అనుకోకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. స్కూల్లో టీచర్‌కి కూడా చెప్పి ఉంచండి.