సంక్షోభంలో ఉన్న మాజీ సైనికుడితో పోలీసులు మాట ఎలా కలపాలి?

మానసిక సంక్షోభంలో ఉన్న మాజీ సైనికుల ఇళ్లకు వెళ్లవలసి వచ్చే పోలీసు సిబ్బంది కోసం ఒక శిక్షణ పాఠం సిద్ధం చేస్తున్నాను. ఈ పనిలో అనుభవం ఉన్నవారి సలహా కావాలి. అమెరికాలోని మెంఫిస్ నగరంలో 1988లో మొదలైన ప్రత్యేక పోలీసు బృందాల గురించి, వారికిచ్చే 40 గంటల శిక్షణ గురించి చదివాను. ఆ దేశంలో మాజీ సైనికులు 988కు ఫోన్ చేసి 1 నొక్కితే వారి కోసమే ఉన్న సహాయకులు మాట్లాడతారనీ తెలుసు. నా సందేహమంతా గుమ్మం దగ్గర గడిచే మొదటి నిమిషాల గురించే. సైరన్ మోత, మెరిసే దీపాలు, గట్టిగా అరిచి ఇచ్చే ఆదేశాలు యుద్ధ జ్ఞాపకాలను రేపే ప్రమాదం ఉన్నప్పుడు, పైగా ఎదుటి వ్యక్తికి ఆయుధాల వాడకం బాగా తెలిసినప్పుడు, సిబ్బంది తమ భద్రతను వదులుకోకుండా, ఆయనను తొందరపెట్టకుండా సంభాషణ ఎలా మొదలుపెట్టాలి? ఏ దళంలో పనిచేశారని అడిగితే మనసు కుదుటపడుతుందా, లేక పాత గాయం రేగుతుందా? (సానుభూతి చూపమని మాత్రమే చెప్పే పాఠాలు ఇప్పటికే చాలా దొరికాయి.) మరో మాజీ సైనికుణ్ణి వెంట తీసుకెళ్లినవారు ఎవరైనా ఉంటే, ఆయనను ఏ దశలో ముందుకు రానిచ్చారో, ఇంట్లో ఆయుధం ఉందో లేదో కుటుంబసభ్యులను ఎలా అడిగి తెలుసుకున్నారో దయచేసి వివరంగా రాయగలరు.